జేబులో ఫోనూ, చేయించుకోని పరీక్షా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల్లో భాగంగా హైదరాబాద్ కొండాపూర్‌లో జరిగిన ఆత్మీయ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన కార్యదర్శి నాకిచ్చిన అంశం 'సాఫ్ట్‌వేర్ ఉద్యోగం - ఆరోగ్యం'. "పావుగంట మాట్లాడు, మరీ భయపెట్టకు, తర్వాత భోజనాలున్నాయి" అన్నాడు. భోజనాలు చెడగొట్టను గానీ, అంశం మాత్రం కొంచెం మారుస్తున్నాను. దానికి కారణం పోయిన మీటింగులో చేతులు కడుక్కునే చోట ఒక తమ్ముడు నన్ను అడిగిన ప్రశ్న. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అన్నయ్యా, ప్యాంటు జేబులో ఫోన్ పెట్టుకుంటే పిల్లలు పుట్టరంటగా, నిజమేనా?" అన్నాడు. నేను జవాబు మొదలుపెట్టేలోపు ఎవరో వచ్చారు. అతను వెంటనే క్రికెట్ గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఆ భయం, ఆ సిగ్గు మనకు బళ్లోనే మొదలయ్యాయి. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే మా సైన్స్ మాస్టారు పుస్తకం మూసి, "ఇది తేలికే, మీరే చదువుకోండి" అన్నారు. ఆడపిల్లలు తల దించుకున్నారు, మేం కిటికీలోంచి బయటికి చూశాం. మాస్టారు ఇవాళ ఇక్కడే ఉన్నారు, నవ్వుతున్నారు కూడా. తప్పు ఆయనది కాదు, ఆ కాలానిది. కానీ ఆ ఒక్క పాఠమే నా జీవనోపాధి అయింది. నేను పాథాలజీ డాక్టర్ని. 2001 నుంచి ఈ కొండాపూర్, మాదాపూర్ చుట్టుపక్కలే ల్యాబుల్లో పనిచేస్తున్నాను. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు ఇటు రాళ్లూ పొదలే ఎక్కువ. తర్వాత ఆఫీసులొచ్చాయి, హాస్టళ్లొచ్చాయి, కర్రీ పాయింట్లొచ్చాయి, వాటి వెనకే సంతాన సాఫల్య కేంద్రాలొచ్చాయి. ఇప్పుడు మెట్రో స్తంభాల మీద కాలేజీల ప్రకటనలెన్నో వాటి ప్రకటనలూ అన్నే కనిపిస్తాయి.

సరే, ఫోన్ సంగతి.

ఈ అనుమానానికి బాగా ప్రచారం తెచ్చింది 2008లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ నుంచి డాక్టర్ అశోక్ అగర్వాల్ బృందం ప్రచురించిన పరిశోధన. సంతానం కోసం పరీక్షలకు వచ్చిన 361 మంది మగవాళ్లను, రోజుకు ఎన్ని గంటలు ఫోన్ వాడతారో అడిగి నాలుగు గుంపులు చేశారు. అసలు వాడనివాళ్లలో మిల్లీలీటరుకు సగటున 8.6 కోట్ల వీర్యకణాలుంటే, నాలుగు గంటలు దాటి వాడేవాళ్లలో 5 కోట్లు. కణాల కదలిక కూడా అలాగే మెట్లు దిగినట్టు తగ్గింది. పేపర్లన్నీ పండగ చేసుకున్నాయి. మరుసటి ఏడాది వాళ్లే ల్యాబులో వీర్యం నమూనాల పక్కన గంటసేపు ఫోన్ ఆన్ చేసి పెట్టి చూశారు. కదలిక తగ్గింది, కణాలను దెబ్బతీసే ఆక్సిజన్ రాడికల్స్ పెరిగాయి.

ఇక్కడ ల్యాబు మనిషిగా రెండు మాటలు చెప్పాలి. గాజు పాత్రలో ఉన్న వీర్యం వేరు, ఒంట్లో చర్మం, కండరం, రక్తప్రవాహం మధ్య ఉన్నది వేరు. ఇంకోటి, 5 కోట్లంటే తక్కువేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్క ప్రకారం కింది హద్దు మిల్లీలీటరుకు 1.6 కోట్లు. బిడ్డల్ని కన్న తండ్రుల్లో నూటికి ఐదుగురు ఆ హద్దుకు కిందే ఉంటారు కూడా. అంటే ఆ గుంపుల మధ్య తేడా ఉంది, కానీ ఎక్కువ ఫోన్ వాడినవాళ్ల సగటు సైతం హద్దుకు మూడు రెట్ల పైనే ఉంది. పేపర్లో ఈ సగం రాలేదు.

తర్వాత 2014లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు పది పరిశోధనల్ని, 1,492 నమూనాల్ని కలిపి చూసి, ఫోన్ ప్రభావానికి గురైనప్పుడు కదలిక సగటున 8 శాతం తగ్గిందన్నారు. 2023లో స్విట్జర్లాండు నుంచి ఇంకా పెద్దది వచ్చింది. అక్కడ కుర్రాళ్లంతా సైన్యంలో చేరే ముందు పరీక్షలకు రావాలి కదా, అలా వచ్చిన 18-22 ఏళ్లవాళ్లు 2,886 మందిని 2005 నుంచి 2018 దాకా చూశారు. రోజుకు ఇరవైసార్లకు పైగా ఫోన్ వాడేవాళ్లలో మిల్లీలీటరుకు 4.45 కోట్లు, వారానికోసారి లోపు వాడేవాళ్లలో 5.65 కోట్లు. తేడా ఉంది. కానీ చిత్రమేమిటంటే, ఆ తేడా 2005-07 నాటి కుర్రాళ్లలో ఎక్కువగా కనిపించి, తర్వాతి ఏళ్లవాళ్లలో తగ్గుతూ పోయింది. పాత 2జీ ఫోన్లు గట్టిగా అరిచి మాట్లాడే తాతయ్య లాంటివి, తర్వాతి తరం ఫోన్లు చాలా తక్కువ శక్తితో పని నడిపిస్తాయి, బహుశా అదే కారణమని పరిశోధకుల ఊహ. ప్యాంటు జేబులో పెట్టుకున్నా, ఇంకెక్కడ పెట్టుకున్నా వాళ్లకు తేడా కనిపించలేదు.

వీర్యకణాల లెక్క కాదు, అసలు పిల్లలు పుట్టడం సంగతేమిటి అని అడిగినవాళ్లు డెన్మార్క్, ఉత్తర అమెరికాల్లో ఉన్నారు. బిడ్డ కోసం ప్రయత్నిస్తున్న 3,000కు పైగా మగవాళ్లను గమనించి 2021లో ప్రకటించారు. ముందు జేబులో ఫోన్ పెట్టుకున్నవాళ్లకూ పెట్టుకోనివాళ్లకూ మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా లేదు. సన్నగా ఉన్న మగవాళ్లలో మాత్రం అవకాశం కాస్త తగ్గినట్టు కనిపించింది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం మనుషుల మీద జరిగిన పరిశోధనలన్నీ వడపోసినవాళ్లు, ఇదీ అని చెప్పడానికి ఉన్న ఆధారం బాగా బలహీనమని తేల్చారు.

కాబట్టి తమ్ముడూ, నువ్వు ఎక్కడ కూర్చున్నావో నాకు కనిపించడం లేదు గానీ, నా జవాబు ఇది: ఫోన్‌కు పూర్తిగా క్లీన్ చిట్ ఇవ్వలేను, కానీ నీకు పిల్లలు పుట్టకపోతే నేను మొదట పట్టుకునే దొంగ అది కాదు. జాగ్రత్త కావాలంటే బ్యాగులో పెట్టుకో, పైసా ఖర్చు లేదు. లిఫ్టులో, సెల్లార్ పార్కింగులో సిగ్నల్ దొరక్క ఫోన్ ఎక్కువ శక్తి వాడుతుంది, అక్కడ ఒంటికి ఆనించుకుని మాట్లాడకు. మన దేశంలో 2012 సెప్టెంబరు నుంచి ఫోన్ల రేడియేషన్ పరిమితి కిలోకు 1.6 వాట్లు. *#07# నొక్కితే నీ ఫోన్ ఎంతో అదే చెబుతుంది. రేడియేషన్ ఆపుతాయని అమ్మే స్టిక్కర్ల మీద మాత్రం డబ్బులు తగలెయ్యకు. అవి నిజంగా సిగ్నల్‌ని అడ్డుకుంటే, ఫోన్ ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తుందంతే.

నేను పట్టుకునే దొంగలు వేరే ఉన్నారు. మొదటిది వేడి. వృషణాలను ప్రకృతి ఒంటి బయట వేలాడదీసింది ఊరికే కాదు. ఒంటి వేడి కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ ఉంటేనే అక్కడ పని సాగుతుంది. 2005లో న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్‌లో 29 మంది కుర్రాళ్లను ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టి గంట కూర్చోబెట్టారు. అక్కడి వేడి రెండున్నర డిగ్రీల పైనే పెరిగింది. ఇందులో పెద్ద వాటా ల్యాప్‌టాప్‌ది కూడా కాదు. ల్యాప్‌టాప్ లేకుండా, మోకాళ్లు దగ్గరగా పెట్టి కూర్చుంటేనే రెండు డిగ్రీలు పెరిగింది. ఇంటి నుంచి పని చేసేటప్పుడు మంచమ్మీద, ఒళ్లో దిండు, దిండు మీద ల్యాప్‌టాప్ పెట్టుకునేవాళ్లు ఇక్కడ ఎంతమందో చేతులెత్తమని అడగను.

రెండోది నిద్ర. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ నిద్రలోనే పెరుగుతుంది. షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు పదిమంది ఆరోగ్యవంతులైన యువకుల్ని వారం రోజులు రాత్రికి ఐదు గంటలే పడుకోనిచ్చారు. పగటిపూట హార్మోన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. నన్నడిగితే జేబులో ఉన్న ఫోన్ కంటే రాత్రి ఒంటిగంటకు చేతిలో వెలుగుతున్న ఫోన్ ప్రమాదం. ఇంకో సంగతి నవ్వుతూ చెప్పినా నిజం. ఆయనది పగటి షిఫ్టు, ఆవిడది అమెరికా షిఫ్టు. ఆవిడ క్యాబ్ దిగే సమయానికి ఆయన క్యాబ్ ఎక్కుతాడు. నెలలో గర్భం నిలిచే అవకాశమున్న రోజులు ఆరు. ఆ ఆరూ సోమవారం నుంచి శనివారం దాకా పడితే ఏ డాక్టర్ ఏం చేస్తాడు?

మూడోది మన గచ్చిబౌలిలోనే బయటపడింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వాళ్లు, ఏఐజీ హాస్పిటల్ డాక్టర్లు కలిసి 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షించి 2025లో ఫలితాలు ప్రకటించారు. 84 శాతం మంది కాలేయంలో కొవ్వు పేరుకుంది. 71 శాతం మందికి ఊబకాయం. వాళ్లు చూసింది కాలేయాన్నే, వీర్యాన్ని కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పొట్ట చుట్టూ చేరిన కొవ్వు ఊరికే కూర్చోదు, మగ హార్మోన్‌ని ఆడ హార్మోన్‌గా మార్చేస్తుంది. తొడల మధ్య వేడి పెంచుతుంది. వెనకే షుగరు వస్తుంది, షుగరు వెనక మగవాళ్లు బయటికి చెప్పుకోని ఇబ్బందులొస్తాయి. అర్ధరాత్రి తెప్పించుకున్న బిర్యానీ పొట్లం మీద ఎవరికీ అనుమానం రాదు. పక్కనున్న ఫోన్ మీద వస్తుంది.

అన్నీ మన చేతిలో ఉండవు. తార్నాక దగ్గరి సీసీఎంబీలో డాక్టర్ తంగరాజ్, డాక్టర్ లాల్జీ సింగ్ బృందం వీర్యకణాలు అసలే లేని 340 మంది భారతీయ పురుషుల్ని పరిశీలించి 2003లో ప్రచురించింది. 29 మందిలో వై క్రోమోజోమ్‌లో కొంత ముక్క పోయి ఉంది. వీళ్లు పుట్టుకతోనే అలా పుట్టారు. ఫోన్ మానేసినా, కొబ్బరినీళ్లు తాగినా ఆ ముక్క తిరిగి రాదు. అలాగే వేరికోసిల్, అంటే వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం, మామూలు మగవాళ్లలోనే నూటికి పదిహేను మందికి ఉంటుంది. దానికి వైద్యం ఉంది. ఏది ఎవరికి ఉందో జేబు తడుముకుంటే తెలియదు, పరీక్ష చేస్తే తెలుస్తుంది.

ఇక అసలు మాటకొస్తాను.

కొన్నేళ్ల కిందట మణికొండ నుంచి ఒక జంట వచ్చింది. ఇద్దరూ సాఫ్ట్‌వేరే. అమ్మాయి చేతిలో ఇంత లావు ఫైలు. నాలుగేళ్ల స్కాన్లు, రక్తపరీక్షలు, గర్భాశయంలోకి మందు ఎక్కించి తీసిన ఎక్స్‌రే, అది ఎంత నొప్పో చేయించుకున్నవాళ్లను అడగండి, చివరికి ఒక లాప్రోస్కోపీ. అన్నీ నార్మల్. "మీ రిపోర్టు?" అని అతన్ని అడిగాను. "నాకేం ప్రాబ్లం లేదు సార్" అన్నాడు. పరీక్ష చేయించుకున్నారా అంటే లేదు. కానీ రెండేళ్ల నుంచి ఫోన్ జేబులో పెట్టుకోవడం మానేశాడట. వైఫై రాత్రిళ్లు కట్టేస్తాడట. ఇంటి దగ్గర టవర్ ఉందని ఫ్లాటు కూడా మారాడట. ఫ్లాటు మారడానికి సిద్ధపడ్డాడు గానీ, రెండు వారాల టీ ఖర్చంత కూడా కాని పరీక్షకు రాలేదు.

పరీక్ష చేశాం. మైక్రోస్కోప్ కింద ఒక్క కణం లేదు. మళ్లీ చేశాం, అంతే. మందులేమైనా వాడుతున్నారా అని మూడోసారి అడిగితే చెప్పాడు. జిమ్‌లో ఎవరో చెప్పారని ఏడాదిన్నరగా కండలకు టెస్టోస్టిరాన్ ఇంజక్షన్లు. బయటి నుంచి హార్మోన్ వస్తుంటే మెదడు లోపలి కార్ఖానాకు ఆర్డర్లు ఆపేస్తుంది. మగతనం కోసం వేసుకున్న ఇంజక్షనే కణాల్ని సున్నాకు తెచ్చింది. ఈ సంగతి మన కారిడార్‌లో కుర్రాళ్లకు తెలియదు, జిమ్‌లో చెప్పేవాళ్లకూ తెలియదు. అతను మానేసి, యూరాలజిస్టు దగ్గర మందులు వాడాక పదో నెలలో కణాలు మళ్లీ కనిపించాయి. అప్పటికి అమ్మాయికి 38 ఏళ్లు, ఆమె అండాల నిల్వ తగ్గిపోయింది. తర్వాత వాళ్లు డాలస్ వెళ్లిపోయారు. ఏమైందో నాకు తెలియదు. ఆ నాలుగేళ్లు ఆ అమ్మాయివి, పోయింది ఆమెవే.

సంతానలేమిలో దాదాపు సగం జంటల్లో మగవాడి వైపు నుంచి కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. అయినా మా ల్యాబుకు మొదట వచ్చేది ఆడమనిషే. ఆమె రిపోర్టులన్నీ అయ్యాక, ఆఖర్న, బతిమాలితే, మగవాడు. ఫోన్ మీద, టవర్ మీద, ప్లాస్టిక్ మీద నెపం వెయ్యడం మగవాడికి ఎందుకంత హాయిగా ఉంటుందంటే, వస్తువు మీద నెపం వేస్తే మనిషి పరీక్షకు వెళ్లక్కర్లేదు. నా ఇరవై ఏళ్లకు పైబడిన అనుభవంలో నాకు అర్థమైంది ఇదే.

మా అక్క గురించి చెప్పనా వద్దా అని రాత్రి చాలాసేపు ఆలోచించాను. నిన్న ఆమెకు ఫోన్ చేసి అడిగితే, "చెప్పు, నాకేం?" అంది. అక్కా మన బళ్లోనే చదివింది, ఇక్కడ ఆమె బ్యాచ్ వాళ్లున్నారు. 1980ల మొదట్లో పెళ్లయింది. ఏడేళ్లు పిల్లల్లేరు. కోటప్పకొండ మెట్లెక్కింది, గుళ్ల చుట్టూ ప్రదక్షిణలు చేసింది, గుంటూరులో డాక్టరమ్మ దగ్గర రెండుసార్లు గర్భసంచి గీకించారు. బావను పరీక్ష చేయించుకోమని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు, మా ఇంట్లో కూడా ఎవరూ అనలేదు. నేనప్పుడు మెడిసిన్ చదువుతున్నాను. నేను కూడా అనలేదు. పెద్దమనుషులు కూర్చున్నారు, ఆయనకు ఇంకో పెళ్లయింది, అక్క పెట్టె సర్దుకుని మా ఇంటికొచ్చింది. ఆ రెండో ఆమెకూ పిల్లల్లేరు. అప్పుడూ ఎవరూ ఏమీ అనలేదు.

అక్క అంగన్‌వాడీలో చేరి, ఊరి పిల్లలకు అక్షరాలు దిద్దించి రిటైరైంది. ఒకసారి నా ల్యాబుకొచ్చినప్పుడు మైక్రోస్కోప్‌లో చూస్తానంది. ఎవరిదో నమూనా, బాగున్నది, చూపించాను. తోకలాడిస్తూ పరిగెత్తే ఆ చుక్కల్ని చాలాసేపు చూసింది. 1677లో హాలండులో లీవెన్‌హుక్ మొదటిసారి చూసినప్పుడు ఎంత ఆశ్చర్యపడ్డాడో నాకు తెలియదు గానీ, మా అక్క ముఖం మాత్రం గుర్తుంది. "అప్పట్లో ఈ పరీక్ష ఉండేదా రా?" అనడిగింది. ఉండేదక్కా, అన్నాను. "గుంటూర్లో?" గుంటూర్లోనే అన్నాను. ఇంకేమీ అడగలేదు. టీ తాగి బస్సెక్కింది.

అందుకని, పెళ్లై ఏడాది ప్రయత్నించినా బిడ్డ నిలవకపోతే, అమ్మాయికి 35 దాటితే ఆర్నెల్లకే, ఇద్దరూ ఒకే రోజు పరీక్షలకు వెళ్లండి. మగవాడి పరీక్షకు కోత లేదు, సూది లేదు. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి, ల్యాబు ఇచ్చిన డబ్బాలోనే నమూనా ఇవ్వాలి. ల్యాబులోనే ఇస్తే మేలు. ఇంటి దగ్గర తీసుకుంటే గంటలోపు మాకు చేరాలి. చొక్కా లోపల ఒంటి వేడికి దగ్గరగా పెట్టుకుని తేవాలి, కారు ఏసీ ముందు పెట్టి కాదు. మియాపూర్ నుంచి బయల్దేరేవాళ్లు సాయంత్రం ఆరింటికి ఆ సాహసం చెయ్యకండి, గంటలో రాలేరు. ఒక్క రిపోర్టు చూసి బెంబేలెత్తొద్దు. ఒక కణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. రెండు నెలల కిందటి జ్వరం ఇవాళ్టి లెక్కని తగ్గిస్తుంది. మళ్లీ చేయించండి. సిగరెట్లు మానేసి, బరువు తగ్గి, రాత్రిళ్లు పడుకుంటే ఫలితం మూడో నెలలో కనిపిస్తుంది, మూడో రోజున కాదు.

అత్తమామల వయసుకొచ్చిన నా బ్యాచ్ వాళ్లకు ఒక మాట. కోడల్ని "విశేషమేమైనా ఉందా" అని అడిగే ముందు, కొడుకుని పక్కకు పిలిచి "నువ్వు పరీక్ష చేయించుకున్నావా" అని అడగండి. చాలామందికి తండ్రి నుంచి ఆ ఒక్క ప్రశ్న వస్తే చాలు, మర్నాడు వచ్చేస్తారు. నా దగ్గరికే రానక్కర్లేదు, ఏ ల్యాబైనా ఒకటే.

కార్యదర్శి గడియారం చూపిస్తున్నాడు. ప్రశ్నలుంటే అడగండి, చేతులు కడుక్కునే చోట కాదు, ఇక్కడే మైకులో. మొదటి ప్రశ్న మా సైన్స్ మాస్టారిది.